చెయిను ట్రాక్టరు కైఫీయతు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



పుస్తకముల పండుగనాడు ఇనుప యంత్రమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. చదువుట యన్నది కాగితముమీది అక్షరములకు మాత్రమే చెందిన పని కాదు. శాసనవేత్త రాతిని చదువును. పొలము కొలుచువాడు గట్టును, గనిమను చదువును. వైద్యుడు నాడిని చదువును. అట్లే పాత యంత్రమును బాగుచేయ బూనినవాడు మొట్టమొదట దానిని చదువవలెను. చదువక ముందే సమ్మెట పట్టినవాడు యంత్రమును చెరచును. ఒక్కొక్కప్పుడు తానే దెబ్బతినును.

ఇచట ప్రస్తావింపబడు యంత్రము చెయిను ట్రాక్టరు. చక్రములమీద దొర్లక, రెండు ప్రక్కల ఇనుప గొలుసులను తానే పరచుకొనుచు, తానే చుట్టుకొనుచు ప్రాకునది. దాని ముందు వెడల్పాటి ఇనుప పలక తగిలించినచో దానినే బుల్‌డోజరందురు. అరువది, డెబ్బది యేండ్లనాటి యిట్టి యంత్రములు గుత్తేదారుల ఆవరణలలోను, పాత షెడ్లలోను త్రుప్పుపట్టి పడియుండుట దేశమున అరుదు కాదు. తుక్కు వ్యాపారి దానిని చూచి అడుగు ప్రశ్న యొక్కటే: బరువెంత? కొని నడుపదలచిన రైతు అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఇది యేది? దీని స్థితి యేమి? దీనిచేత చేయింపవలసిన పని యేది? మొదటిది గుర్తింపు, రెండవది మరమ్మతు, మూడవది మార్పు. ఈ వరుస తప్పినచో సొమ్ము పోవును, కాలము పోవును, తుదకు యంత్రమును తుక్కు వ్యాపారికే చేరును.

బుక్కపట్నమున ఈ ప్రసంగమునకు వేరొక కారణమును కలదు. పూర్వము అనంతపురము జిల్లాలోను, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరిన ఈ ఊరికి ప్రాణము చెరువు. చిత్రావతీ జలములతో నిండు ఈ తటాకమును విజయనగర ప్రభువైన బుక్కరాయలు కట్టించెనని ప్రతీతి. ఊరి పేరే అందులకు సాక్షి. ఈ చెరువును, ధర్మవరము చెరువును పూర్వపు అనంతపురము జిల్లాలో మిక్కిలి పెద్దవని దొరతనమువారి పాత గెజెటీర్లు చెప్పుచున్నవి. కట్ట యెంత గట్టిదైనను చెరువునకు పూడిక తప్పదు. ప్రతి వరదయు నీటితోపాటు మట్టిని తెచ్చును. నీరు పొలమునకు పోవును, మట్టి చెరువులోనే నిలుచును.

బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కడప సీమలో పోరుమామిళ్ళ చెరువును కట్టించి 1369లో శాసనము వేయించెను. ఆ పనికి వేయిమంది కూలీలు దినదినము పాటుపడిరనియు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు నియోగింపబడెననియు, రెండేండ్లకు పని ముగిసెననియు ఆ శాసనమున కలదు. అంతేకాదు, మంచి చెరువునకు పండ్రెండు అంగములనియు, చెరువునకు ఆరు దోషములనియు అందు చెప్పబడినది. ఆ యారింటిలో రెండు ఈ ప్రసంగమునకు కావలసినవి. కట్టనుండి నీరు ఊరుట యొక దోషము. చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట మరియొక దోషము. ఈ రెండవ దోషమును తొలగించుటకు చెయిను ట్రాక్టరు తగిన సాధనము. అజాగ్రత్తగా నడిపినచో ఆ మొదటి దోషమును కల్పించునదియు అదే. కావున ఈ యంత్రవిద్య రైతుకు వినోదము కాదు. చెరువు మేలుకీళ్ళతో ముడిపడిన విషయము.

ఈ యంత్రము పుట్టిన కథయు బురదతోనే మొదలైనది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాక్టన్ నగరమునకు చేరువను మెత్తని లంకనేలలు కలవు. ఆ నేలలలో ఆవిరి ట్రాక్టర్ల చక్రములు దిగబడి పోయెడివి. చక్రమును ఎంత వెడల్పు చేసినను పని సాగలేదు. అంతట బెంజమిన్ హోల్ట్ అను యంత్రకారుడు వెనుక చక్రములను తీసివేసి, కొయ్య పలకలు బిగించిన గొలుసులను అమర్చి, 1904 నవంబరు 24వ తేదీన పరీక్షించెను. యంత్రము నేలలో దిగబడక ప్రాకిపోయెను. అదే కాలమున ఇంగ్లండులోని గ్రాంథం పట్టణమున హార్న్‌స్బీ కంపెనీయందు డేవిడ్ రాబర్ట్స్ అను ఇంజనీరును గొలుసు నడకను సాధించెను. 1914లో ఆ కంపెనీవారి హక్కులను హోల్ట్ కంపెనీయే కొనెను. గొంగళిపురుగువలె ప్రాకునది గనుక ఆ యర్థము గల క్యాటర్‌పిల్లర్ అను పేరు స్థిరపడెను. 1925లో హోల్ట్ కంపెనీయు, బెస్ట్ అనువారి కంపెనీయు ఏకమై క్యాటర్‌పిల్లర్ ట్రాక్టరు కంపెనీ యేర్పడెను. 1931లో ఆ కంపెనీవారు డీజిలు ఇంజనుగల చెయిను ట్రాక్టరును అమ్మకమునకు తెచ్చిరి. ఆ సంవత్సరాంతముననే బూడిదరంగు విడిచి పసుపురంగు పూయసాగిరి. లోపలి పొరలలో బూడిదరంగు కనబడినచో యంత్రము 1931కి ముందుదేమో యని విచారింపవలెను. రంగు సూచన మాత్రమే, సాక్ష్యము కాదు.

భరతఖండమునకు ఈ యంత్రములు విశేషముగా వచ్చుటకు రెండవ ప్రపంచ యుద్ధము కారణము. అస్సాములోని లీడోనుండి బర్మా అడవులగుండ చీనా దిక్కుగా అమెరికా సైన్యము 1942 డిసెంబరునుండి బాట వేసినప్పుడు కొండలను కోసినవి ఈ డోజర్లే. యుద్ధానంతరమున మిగిలిన యంత్రములలో కొన్ని దేశముననే నిలిచిపోయెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో కేంద్ర ప్రభుత్వము ట్రాక్టరు సంస్థ నొకదానిని నెలకొల్పి, మధ్య భారతమున రెల్లుగడ్డి పట్టిన బీళ్ళను ఇట్టి బరువు ట్రాక్టర్లతో దున్నించెను. ఆ యంత్రముల కొనుగోలునకై 1949లో ప్రపంచ బ్యాంకునుండి కోటి డాలర్ల ఋణము తేబడెను. 1964లో బెంగుళూరున భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ వెలసినది. దాని కోలారు బంగారుగనుల కర్మాగారమున దేశీయముగా డోజర్లు తయారగుటయు ఆరంభమైనది.

ఇక మొదటి ప్రశ్న: ఇది యేది?

రైతు తన పొలమును చింతచెట్టు చేను అనును. ఊరిలో ఆ మాట చాలును. కాని దస్తావేజు వ్రాయవలెనన్న సర్వే నంబరు కావలెను. చింతచెట్టు చేను అని వ్రాసిన పత్రము కచేరీలో నిలువదు. యంత్రమునకు పేరు చింతచెట్టు చేను వంటిది. దానిమీద పోతపోసిన సంఖ్య సర్వే నంబరు వంటిది.

క్యాటర్‌పిల్లర్‌వారి డీ-2 అను చిన్న ట్రాక్టరును ఉదాహరణముగా తీసికొనుడు. అది 1938నుండి 1957వరకు తయారైనది. సంఖ్యకు ముందుండు అంకెయు ఆంగ్లాక్షరమును దాని వంశమును తెలుపును. 3జె, 5జె అనునవి 1938–1947 నడుమ పుట్టినవి. 4యు, 5యు అనునవి 1947–1957 నడుమ పుట్టినవి. ఈ రెండు వంశములలోను ఇరుకు, వెడల్పు అను రెండు జాతులు కలవు. ఒక గొలుసు నడిమినుండి రెండవ గొలుసు నడిమికి 40 అంగుళము లున్నచో 3జె లేక 4యు. 50 అంగుళము లున్నచో 5జె లేక 5యు. పాత వంశపు సిలిండరు అడ్డుకొలత 3¾ అంగుళములు; క్రొత్త వంశమునది 4 అంగుళములు. పావు అంగుళమే భేదము. కాని డీ-2కు పిస్టన్లు కావలెనని మాత్రమే వ్రాసి తెప్పించుకొన్నవాడు ఆ పావు అంగుళముచేతనే నష్టపోవును. డీ-4 అను తరువాతి పరిమాణపు ట్రాక్టరునకు 7జె, 2టి, 6యు, 7యు అనియు, ఇంకను పెద్దదైన డీ-7కు 7ఎం, 3టి అనియు ఇట్టి గుర్తులే కలవు.

సంఖ్య యెచట నుండును? నడుపువాని యెదుటి లోహపు పలకమీదను, ఇంజను దిమ్మెమీదను, వెనుకనున్న గేరుపెట్టెమీదను సాధారణముగా వెదుకవలెను. ఆ కాలపు క్యాటర్‌పిల్లర్లలో ఇంజను సంఖ్యయు, ట్రాక్టరు సంఖ్యయు ఒకటిగా నుండెను. భిన్నముగా నున్నచో నడుమ ఇంజను మార్చబడినదని యెరుంగవలెను. అప్పుడు ఇంజను సామానులకు ఇంజను సంఖ్యను, గొలుసు సామానులకు ట్రాక్టరు సంఖ్యను వేర్వేరుగా వ్రాసికొనవలెను. పలక ఊడిపోయినను నిరాశ వలదు. రంగును, మురికిని కిరసనాయిలుతో నానబెట్టి, మెత్తని కుంచెతో తుడిచి, సుద్దముక్కతో రుద్దినచో అంకెలు తెల్లగా తేలును. లేదా పలుచని కాగితమును అద్ది, బొగ్గుతో రుద్ది, శాసనమునకు అచ్చు తీసినట్లు తీయవచ్చును. ఆకురాయితోగాని, గ్రైండరుతోగాని అచట గీకరాదు. ఒక్క నిముషపు తొందరలో జన్మపత్రిక చెరిగిపోవును.

సంఖ్య అసలే చిక్కనిచో ఇంజను పుట్టించు పద్ధతినిబట్టి తయారీదారుని గుర్తింపవచ్చును. పెద్ద డీజిలు ఇంజను ప్రక్కన దానిని త్రిప్పుటకే యొక చిన్న రెండు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉన్నచో క్యాటర్‌పిల్లరని తలపవచ్చును. మేస్త్రీలు దీనిని పోనీ ఇంజను అందురు. చిన్న ఇంజను లేక, డీజిలు ఇంజనుకే స్పార్కు ప్లగ్గులు, కార్బురేటరు ఉండి, మొదట పెట్రోలుతో నడిచి పిమ్మట డీజిలుకు మారునట్టి యేర్పాటున్నచో ఇంటర్నేషనల్ కంపెనీ టీడీ జాతి. ప్రక్కనుండి గాలిని బలవంతముగా లోనికి నెట్టు బ్లోయరు గల రెండు స్ట్రోకుల ఇంజను ఉన్నచో 1940 ప్రాంతపు ఆలిస్-ఛామర్స్ హెచ్‌డీ జాతియేమో చూడవలెను. ఇవి మూడును యుద్ధకాలమున ప్రసిద్ధికెక్కిన జాతులే.

రెండవ ప్రశ్న: దీని స్థితి యేమి?

చెయిను ట్రాక్టరు కొనువాడు మొట్టమొదట ఇంజను చప్పుడు వినగోరును. అది పొరపాటు. ఎద్దును కొనువాడు నోటిలోని పండ్లను, కాలి గిట్టలను చూచినట్లు, దీనికి ముందుగా గొలుసును, పండ్లచక్రమును చూడవలెను. ఈ జాతి యంత్రముల పోషణవ్యయములో సగము వరకు గొలుసు నడకకే పోవునని అనుభవజ్ఞుల మాట.

గొలుసు లంకెలను కలుపు పిన్నులును, వానిపై తొడిగిన బుష్షులును అరిగినకొలది గొలుసు సాగును. లంకె యేమియు పెరుగదు. కీలు వదులగుటచే ఒక్కొక్క కీలునకు కొంచెము కొంచెముగా నిడివి కూడును. సాగిన గొలుసు పండ్లచక్రముతో పొసగక దాని పండ్లను సూదులవలె అరుగదీయును. నాలుగైదు లంకెల నిడివిని బిగలాగి కొలిచి, కంపెనీ పుస్తకములోని క్రొత్త కొలతతో పోల్చిన అరుగుదల తేలును. అరుగుదల ఒక ప్రక్కనే యున్నచో క్రొత్తవి కొననక్కరలేదు. పిన్నులను, బుష్షులను ప్రెస్సులో ఊడదీసి సగము చుట్టు త్రిప్పి మరల బిగించినచో అరుగని ప్రక్క పనిలోనికి వచ్చును. ఇది పాత చీర అంచు త్రిప్పి కట్టుకొనుట వంటి పొదుపు. కాని బుష్షు పగిలినను, పలుచనై గుల్లయైనను ఈ ఉపాయము పనికిరాదు.

గొలుసును వీణతీగవలె బిగించుటయు తప్పే. పైభాగమున నడుమ కొంత వ్రేలాడవలెను. పాత యంత్రములకు సాధారణముగా 1 అంగుళమునుండి 1½ అంగుళము వరకు ఆ వంపు ఉండవలెనందురు. ఆయా యంత్రపు పుస్తకమే ప్రమాణము. అతిగా బిగించిన గొలుసు బలమును వృథాగా మ్రింగి, తన్ను తానే అరుగదీసికొనును.

ఇచట ప్రాణాపాయమైన విషయ మొకటి కలదు. ముందు చక్రము వెనుక బలమైన స్ప్రింగు ఉండును. రాయి తగిలినప్పుడు చక్రమును కొంచెము వెనుకకు పోనిచ్చుట దాని పని. అది టన్నుల బలముతో అదిమి బిగింపబడియుండును. దాని బోల్టును తెలియక విప్పినను, మంటతో కోసినను అది ఫిరంగిగుండువలె దూకును. తగిన పరికరము, తెలిసిన మేస్త్రీ లేక ఆ భాగమును ఎవ్వరును ముట్టరాదు.

పిమ్మట ఇంజను. ఏండ్లతరబడి నిలిచిన ఇంజనును ఇంకొక ట్రాక్టరుతో లాగి త్రిప్ప యత్నించుట మహాదోషము. పట్టుకొనిపోయిన పిస్టను కదలదు, కడ్డీ వంగును. ముందుగా అడుగు చమురును విడిచి చూడవలెను. చమురుకంటె ముందు నీరు కారినచో లోపల నీరు చేరినదని యర్థము. సిలిండర్లలో చొచ్చుకొనిపోవు పలుచని నూనె పోసి, దినములపాటు నాననిచ్చి, చేతి కడ్డీతో కొంచెము ముందునకు, కొంచెము వెనుకకు కదలింపవలెను. తిరగనిచో మరల నూనె, మరల ఓర్పు. ఇచట ఓర్పునకు మించిన పనిముట్టు లేదు.

ఇంజను తిరిగినంతమాత్రమున డీజిలు తెరువరాదు. ప్రతి సిలిండరునకు ఇంధనము కొలిచి పంపు పంపులు నిలువవలన జిగురుపట్టి బిగిసికొనును. వానిని నడపు పండ్లకడ్డీ ఇంధనము నిండుగా తెరచిన స్థితిలో చిక్కుకొన్నచో, పుట్టిన ఇంజను ఆగదు. వేగము మీద వేగము పెంచుకొని తుదకు తన్ను తానే బ్రద్దలు చేసికొనును. కావున ఆ కడ్డీ వ్రేలితో త్రోయగా సులువుగా కదలునో లేదో ముందు చూడవలెను. మొదటిసారి నడుపునప్పుడు గాలిగొట్టమును మూయుటకు తగిన చెక్కపలకను చేత పట్టుకొని యొకడు నిలువవలెను. గాలి అందనిచో డీజిలు ఆగును. అరచేతితో మూయబోవరాదు.

పోనీ ఇంజను చిన్నదని చులకన చేయువారు కలరు. అది పెద్ద ఇంజనును త్రిప్పుటయే కాక, దానికి తల్లివలె ఉపచారము చేయును. రెండింటికిని ఒకే నీరు తిరుగును గనుక చిన్నదాని వేడిమి పెద్దదానికి చేరును. దాని పొగ వేడిమి పెద్దదానిలోనికి పోవు గాలిని వెచ్చబరచును. మొదట ఒత్తిడి విడిచిన స్థితిలో త్రిప్పి చమురును అంతట ప్రాకనిచ్చి, పిదప ఒత్తిడి పెట్టి, తుదకు డీజిలు తెరువవలెను. ఈ మూడు మెట్లను తొందరలో ఒకటిగా చేయువాడు బేరింగులను పోగొట్టుకొనును.

త్రోవ త్రిప్పుటకు ఈ ట్రాక్టరునకు స్టీరింగు చక్రము లేదు. ఒక ప్రక్క క్లచ్చి విడిచి, ఆ ప్రక్క బ్రేకు నొక్కినచో అటు తిరుగును. వానలో నిలిచిన యంత్రమున ఆ క్లచ్చి పళ్ళెములు త్రుప్పుచే ఒండొంటి నంటుకొనును. గేరుపెట్టె సీళ్ళు కారినచో చమురు చేరి జారును. చమురు చేరినదానిని కిరసనాయిలుతో కడుగు పద్ధతి కంపెనీ పుస్తకములలోనే కలదు. అంటుకొన్నదానిని విప్పి శుభ్రము చేయవలసినదే. కట్టమీదగాని, కాలువ యొడ్డునగాని ఒక క్లచ్చి పనిచేయని ట్రాక్టరును నడుపుట ఆత్మహత్యతో సమానము.

ఈ సీమకు చెందిన రెండు జాగ్రత్తలు. ఇచటి బావినీరు చాలచోట్ల ఉప్పదనము, సున్నపుదనము కలది. కుండలో తెల్లని పొర కట్టునట్లే రేడియేటరులోను కట్టును. వాననీరు పట్టి యుంచి వాడుట మేలు. ఇక దుమ్ము. పాత యంత్రములలో గాలిని చమురుగుండ పోనిచ్చి వడకట్టు గిన్నె యుండును. ఎర్రనేలల దుమ్ములో దానిని దినమునకొకమారు విప్పి, బురదను పారబోసి, క్రొత్త చమురు పోయవలెను. ఒక గిన్నెడు చమురును పొదుపు చేసినవాడు పిస్టన్లకు వెల చెల్లించును.

మూడవ ప్రశ్న: దీనిచేత చేయింపవలసిన పని యేది? మార్పులన్నియు ఈ ప్రశ్ననుండి పుట్టవలెను, వేడుకనుండి పుట్టరాదు.

చెరువు మెత్తని అడుగులో పని చేయవలెనన్న గొలుసు పలకలను వెడల్పు చేయుట మొదటి తలంపు. లెక్క చూడుడు. 4,000 కిలోల యంత్రమునకు ఒక్కొక్క గొలుసు 30 సెంటీమీటర్ల వెడల్పున, 150 సెంటీమీటర్ల నిడివిన నేలను తాకుచున్నదనుకొన్నచో, రెండింటికిని 9,000 చదరపు సెంటీమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరుపై పడు భారము 0.44 కిలో. ఇంచుమించు ఒంటికాలిపై అడుగు మోపిన మనిషి భారమంతయే! నాలుగు టన్నుల ఇనుము మనిషి అడుగువలె తేలికగా మోపునన్న మాట. పలకలను 40 సెంటీమీటర్లు చేసినచో వైశాల్యము 12,000, భారము 0.33కు దిగును. బురదకు ఇది లాభమే. కాని వెడల్పాటి పలక రాతినేలలో తిరుగునప్పుడు పిన్నులను మెలిపెట్టును, పలకలను వంచును. చెరువు పనికి వెడల్పు, గరుసునేలకు ఇరుకు: రెండును ఒకేమారు కోరరాదు. నేల మోయగలిగినంతలో ఇరుకు పలకయే మేలని నియమము.

ఇక పలకను ఎత్తు దించు సాధనము. పాత డోజర్లలో ఇనుపతాడును చుట్టు యంత్రము పలకను ఎత్తును. దింపునప్పుడు పలక తన బరువుతోనే దిగును. చమురు ఒత్తిడితో నడచు హైడ్రాలిక్ పద్ధతి పలకను నేలలోనికి నొక్కగలదు. కావున గట్టినేలకు ఈ మార్పు కోరదగినదే. అయితే పంపును ఎచట తగిలింపవలెను, చట్రము ఆ బలమును మోయునా యని ముందు లెక్క చూడవలెను. చట్రమునకు వెల్డింగు చేసి అతికించిన భాగము పగిలినచో చట్రముతోపాటు పగులును. బోల్టులతో బిగించి, కోరినప్పుడు విప్పగలిగిన మార్పు ఉత్తమము. పాత భాగమును దాచి దాని స్థానమున క్రొత్తది పెట్టుట మధ్యమము. కోసివేసి మరల చేయలేని మార్పు అధమము. పోనీ ఇంజను తీసి విద్యుత్ స్టార్టరు పెట్టువారు ఆ చిన్న ఇంజనును తుక్కుకు వేయక భద్రపరచుట మేలు. నడుపువానిపై దృఢమైన పైకప్పు, బోల్తా పడినప్పుడు కాపాడు చట్రము: ఈ రెంటి విషయమున మాత్రము పాతదనపు అందమును చూడరాదు. ప్రాణమే ముఖ్యము.

ఇట్లు సిద్ధమైన యంత్రము చెరువులోనికి దిగునప్పుడు నీటిపారుదల శాఖవారి అనుమతియు, ఇంజనీరు వేసిన హద్దులును ఉండవలెను. చెరువు నడుమ మిట్టను తీయవచ్చును. పూడికమట్టిని చేలకు తోలవచ్చును. కట్ట పాదమున మాత్రము పలక దింపరాదు. అచట నూర్లయేండ్లుగా పేరుకొన్న మెత్తని బంకమన్ను నీటిని ఇగిరిపోనీయక ఆపును. దానిని గీకివేసినచో నీరు కట్టక్రిందుగా త్రోవ చేసికొనును. శాసనకర్త చెప్పిన దోషమును డబ్బిచ్చి తెచ్చుకొన్నట్లగును. తూముల దగ్గరను, మరువ దగ్గరను ఇట్టి జాగ్రత్తయే.

ఎల్ల యంత్రములను బ్రదికింపవలెనని యెవ్వరును అనరు. దిమ్మె పగిలి, గొలుసు సాగి, పండ్లచక్రము సూదులైన యంత్రమునకు పెట్టు ఖర్చు దాని పనివలన రాదు. అట్టిదియు వ్యర్థము కాదు. ఒకే వంశపు సంఖ్య గల రెండు పాడు యంత్రములనుండి ఒక మంచి యంత్రము లేచును. ఏ రెండు ఒకే వంశమువో తెలియుటకు మరల సంఖ్యయే కావలెను. తుక్కు బండిమీద బరువుకు పోవునది ఇనుమే కాదు. ఆ సంఖ్యయు, దానితో ఇంకొక యంత్రమును బ్రదికింపగల అవకాశమును పోవుచున్నవి.

ఇంతకంటె వేగముగా పోవుచున్నది వేరొకటి కలదు. కంపెనీ పుస్తకములు ఆంగ్లమున నున్నవి. మేస్త్రీల విద్య వారి చేతులలోను, చెవులలోను ఉన్నది. ఇంజను ఏ చప్పుడు చేసిన ఏ రోగమో యెరిగిన వృద్ధుడు గతించినచో ఆ విద్య కాగితమెక్కకయే గతించును. తెలుగున శాస్త్రము చెప్పవచ్చునని 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చూపినది. యంత్రములు మరమ్మతు చేయు విద్యకు మాత్రము తెలుగు పుస్తకము లింకను కొరతయే.

కర్నల్ కాలిన్ మెకంజీ దొర, కావలి సోదరుల సాయమున, గ్రామ కరణములచేత ఊరూరి కైఫీయతులు వ్రాయించి కూర్చెను. ఊరి పుట్టుక, చెరువు, గుడి, మాన్యములు, వచ్చిన కరవులు అందు చేరినవి. ఆ కైఫీయతులు లేనిచో ఎన్నియో గ్రామముల పూర్వకథ తెలియకపోవును. అట్టి కైఫీయతు యంత్రమునకును ఉండదగును. గ్రంథాలయమున ఒక లావుపాటి పుస్తకము చాలును. ఊరిలోని ప్రతి యంత్రమునకు కొన్ని పుటలు: దాని సంఖ్య, ఎచటనుండి ఎప్పుడు వచ్చినది, కొన్ననాటి కొలతలు, ఏ తేదీన ఏ భాగము మార్చబడినది, తీసిన భాగము ఎచట దాచబడినది, ఏ మార్పు ఎందులకు చేయబడినది, ఏది చేసి చెడినది. ఈ చివరిదానిని సిగ్గుపడక వ్రాయవలెను. ఒకని పొరపాటు వ్రాతలో నున్నచో పదిమందికి పాఠము. దాచినచో పదిమందికిని అదే పొరపాటు.

చెరువు కట్టినవారు రాతిపై వ్రాసి పోయిరి గనుక వేయిమంది కూలీల శ్రమ ఆరు శతాబ్దములు దాటి నేటికి తెలియుచున్నది. ఆ చెరువులో పూడిక తీయు యంత్రమునకు అంత పెద్ద శిల అక్కరలేదు. గ్రంథాలయపు బీరువాలో ఒక పుస్తకమును, దాని మొదటి పుటలో సంఖ్యను ఎక్కించుటకు ఒక కాగితము, ఒక బొగ్గుముక్కయు చాలును.

స్వస్తి.